ఓ, యూ, జీ, హెచ్

మొదటి షిఫ్టు దిగి, తానం జేసి,
కండ్ల అంచులకు కాటుక లెక్క బొగ్గు మిగిలి
బాపు క్వార్టర్ గడప మీద కూసునేటోడు.
నేను ఎలీషా సారు ఇచ్చిన ఇంపోజిషన్
గోదావరిఖని అంతా ఇనాలన్నట్టు సదివేదాన్ని:
టీ, ఓ యూ జీ హెచ్, టఫ్.
సీ, ఓ యూ జీ హెచ్, కాఫ్.
టీ హెచ్, ఓ యూ జీ హెచ్, దో.
నడుమ ఒక్క ఆర్ సొచ్చిందో, త్రూ.

"ఆగు బిడ్డా" అన్నడు బాపు.
"ఎనకున్న నలుగురు వాళ్లే గదా?"
వాళ్లే.
"మరి ఒకపారి ఒకతీరు ఎందుకు పలుకుతున్నరు?"

సారును అడిగితే
తెల్లోళ్ల నోరు గంతే, బట్టీ పట్టు అన్నడు.
"మన క కు ఒక్కటే నోరు,
దీనికి ఇన్ని ఏషాలెందుకే" అన్నది అవ్వ
పిండి పిసుక్కుంట.

బువ్వ కాడ బాపే జవాబు తెచ్చిండు.
"గ్యాంగంటే అట్లనే ఉంటది.
ముందట ఎవడున్నడో సూసి నోరు తెరుస్తరు.
రాజలింగు సర్దారైతే లోపట ముచ్చట్లే ముచ్చట్లు.
కొత్తోడు వచ్చిననాడు
చెమ్మాస్ చప్పుడు తప్ప ఏం ఇనరాదు.
ఆఖరుకు ఇద్దరున్నరు సూడు, జీ, హెచ్,
త్రూల, దోల కిక్కురుమంటలేరు.
మస్టర్ల ఉంటరు, తట్ట కింద ఉంటరు,
గొంతు మాత్రం పైకి రాదు.
అసొంటోళ్లు మా బాయిల శానమంది."

జీతం కాయిదం మీద ఏలిముద్ర ఏసే మనిషి
ఆ నలుగురిని గీసుడు నేర్చుకున్నడు,
నీళ్ల తొట్టి మీద, సుద్దముక్కతోని.
ఓ అంటే టోపీ దీపం.
యూ అంటే టబ్బు కొక్కెం.
జీ అంటే మెలివడ్డ తాడు.
హెచ్ అంటే
కప్పు కూలకుంట నిలవెట్టిన రెండు దుంగలు,
నడుమ అడ్డకట్టె.
హెచ్ గీసినప్పుడు మాత్రం
ఒకటికి రెండుసార్లు ఒత్తి గీసేటోడు.

నేను ఇంటర్ల ఉన్ననాడు
ఏరియా ఆస్పత్రిల డాక్టరు
గొలుసు రాతల చిట్టీ రాసిచ్చిండు.
బాపు దాన్ని ఎల్తురుకు వట్టి,
"మనోళ్లు ఉన్నరే ఈడ!" అన్నడు,
జాతరల సుట్టం కనవడ్డట్టు.
"ముందట ఎవడు?"
సీ.
"అయితే దగ్గు."
నవ్విండు.
ఆ నవ్వు సగం దాక పోయి
చిట్టీల రాసిందే అయింది.
కంపౌండరు మంచినీళ్లు తెచ్చేదాక ఆగలే.

వచ్చేటప్పుడు బస్సుల అడిగిండు:
"వీళ్లు ఇంకా ఏడేడ పనిజేస్తున్నరు?"
పీ, ఎల్ ముందటుంటే ప్లౌ అన్న.
ప్లౌ అంటే నాగలి.

కిటికీల నుంచి ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్ట కనిపిస్తున్నది.
దాని కింద ఎక్కడనో
మా తాత రెండెకరాల చెల్క,
బాపు పద్దెనిమిదేండ్ల దాక దున్నింది.
గంగానగర్ దాటేదాక ఏం మాట్లాడలే.
ఆనక ఏళ్లు మడిచి లెక్కవెట్టుకుంట అన్నడు:
"అంటే రెండు అచ్చరాలు ఇడిసిన.
ఒక్కటి అందుకున్న.
కడమ నలుగురు
ఆ పనిల నుంచి ఈ పనికి నాతోనే వచ్చిన్రు."
టికెట్ ఎనక పెన్నుతోని గీసిండు,
ఓ, యూ, జీ.
హెచ్ కాడ బస్సు గతుకుల వడ్డది.

ఇప్పుడు హన్మకొండల, నయీంనగర్‌ల,
జిరాక్స్ షాపు మీది రెండో అంతస్తుల
కానిస్టేబుల్ పరీక్షలోళ్లకు ఇంగ్లీష్ చెప్తున్న.
"రూల్ ఏంది మేడం?" అంటరు.
రూల్ లేదు, సర్దారును సూడున్రి అంట.
ఒక్కడు నవ్వుతడు, మందమర్రి పిల్లగాడు.
కడమోళ్లు అది కూడ రాసుకుంటరు.

ఇయ్యాల ఒక కాయిదంల
ఇనఫ్‌ను ఈ, ఎన్, యూ, ఎఫ్ అని రాసిన్రు.
చెవికి ఇనవడ్డది ఇనవడ్డట్టు,
అవ్వ సూస్తే సంబురపడు.
ఎర్రపెన్ను తీసి శానసేపు పట్టుకొని కూసున్న.
ఎఫ్ కొట్టేసి,
నాగా వడ్డ ముగ్గురిని
ఒక్కొక్కరిగ మస్టర్ల ఎక్కించిన.
హెచ్‌ను రెండుసార్లు ఒత్తి.